కడలి క్రింది తంతి: లార్డు కెల్విన్ జీవితము

దూరదేశమున ఉద్యోగము చేయు అన్నతోనో, తండ్రితోనో ఫోనులో మాటలాడునప్పుడు మాట తెగుటయు, తెరమీది ముఖము బొమ్మవలె నిలిచిపోవుటయు మన యిండ్లలో అందరును ఎరిగినదే. మనమొక ప్రశ్న అడుగుదుము. సమాధానము రాదు. మరల అడుగుదుము. అంతలో మొదటి ప్రశ్నకు సమాధానము వచ్చి రెండవ ప్రశ్నమీద పడును. అప్పుడు ఇంటిలోని పెద్దలు గొంతెత్తి అరచుటయు కలదు. గట్టిగా అరచినంత మాత్రమున మాట త్వరగా చేరునా? చేరదు. పలుకువానికిని వినువానికిని నడుమనున్న దారి ఎట్టిదో, ఆలస్యము అట్టిదిగా నుండును. ఈ సత్యమును విద్యుత్ తంతి విషయమున నూట డెబ్బది యేండ్ల నాడే లెక్కవేసి చూపి, దానికొరకు పెద్దలతో వాదించి, నడిసముద్రమున తుపానుల నడుమ నిలిచి నిరూపించిన ఒక మహనీయుని జీవితమును ఈ సంచికలో మా విద్యార్థులకు పరిచయము చేయదలచితిమి. ఆయనయే విలియం థామ్సన్. తరువాతి కాలమున లార్డు కెల్విన్ అను పేర ప్రసిద్ధి గాంచెను. ఉష్ణోగ్రతను కొలుచు కెల్విన్ మానము పాఠ్యపుస్తకములలో మన పిల్లలకు పరిచితమే. ఆ పేరు వెనుకనున్న మనిషి కథ మాత్రము అంతగా తెలియదు.

విలియం థామ్సన్ 1824వ సంవత్సరము జూన్ 26వ తేదీన ఐర్లండు ద్వీపమందలి బెల్ఫాస్టు నగరమున జన్మించెను. తండ్రి జేమ్స్ థామ్సన్ రైతుబిడ్డ. స్వయంకృషిచే గణితము నేర్చి ఉపాధ్యాయుడైనవాడు. విలియమునకు ఆరవ యేట తల్లి గతించెను. తల్లిలేని పిల్లలకు తండ్రి తానే తల్లియు గురువునై పాఠములు చెప్పెను. 1832లో ఆయన గ్లాస్గో విశ్వవిద్యాలయమున గణితాచార్యుడుగా నియమితుడు కాగా కుటుంబము స్కాట్లండుకు తరలిపోయెను. చురుకైన బాలురను చిన్నతనముననే చేర్చుకొను ఆచారము ఆనాడు ఆ విశ్వవిద్యాలయమున నుండెను. విలియం పదవ యేటనే అచ్చట విద్యార్థియయ్యెను.

పదునారవ యేట, అనగా 1840లో, ఆ బాలునకు ఫ్రెంచి గణితవేత్త ఫూరియే రచించిన ఉష్ణ సిద్ధాంత గ్రంథము లభించెను. ఇనుప కడ్డీ యొక కొనను నిప్పులో నుంచినచో రెండవ కొనకు వేడి ఎంత కాలమునకు, ఏ విధముగా చేరునో లెక్కకట్టు గ్రంథమది. దానిని ఆ బాలుడు మూలభాషయందే చదివి వశపరచుకొనెను. మరుసటి యేట ఫూరియేను విమర్శించిన ఒక ఆచార్యుని పొరపాటును చూపుచు తన మొదటి వ్యాసమును ప్రకటించెను. ఈ గ్రంథపఠనమును మా పాఠకులు జ్ఞాపకముంచుకొందురు గాక. పదునాలుగేండ్ల తరువాత సముద్ర తంతి చిక్కుముడిని విప్పినది ఈ చదువే.

1841లో కేంబ్రిడ్జిలో చేరి, 1845లో గణిత పరీక్షయందు ద్వితీయ స్థానమును పొందెను. కొంతకాలము పారిసు నగరమున రెన్యో అను శాస్త్రజ్ఞుని ప్రయోగశాలలో పనిచేసి, చేతితో కొలిచి చూచుట నేర్చెను. 1846లో, ఇరువది రెండేండ్ల వయస్సున, గ్లాస్గోలో భౌతికశాస్త్రాచార్యుడయ్యెను. ఆ పీఠమును ఏబది మూడు సంవత్సరములు అలంకరించెను. విద్యార్థులు స్వయముగా ప్రయోగములు చేయుటకు తగిన ప్రయోగశాలను బ్రిటనులోని విశ్వవిద్యాలయములలో మొదట నెలకొల్పినవారిలో ఆయన ముఖ్యుడు. 1848లో పరమ ఉష్ణోగ్రతా మానమును ప్రతిపాదించెను. అదియే నేటి కెల్విన్ మానము.

ఇక తంతి కథకు వత్తము. స్తంభములపై గాలిలో సాగు తంతులలో వార్తలు తడవులేక పోవుచుండెను. 1851లో ఇంగ్లండు, ఫ్రాన్సు దేశముల నడుమ సముద్రము క్రింద వేసిన పొట్టి తంతియు చక్కగా పనిచేసెను. కాని నీటిలోను, భూమిలోను పొడవైన తంతులు వేసినకొలది ఒక వింత కనబడసాగెను. ఈ కొనయందు మీటను టక్కున నొక్కి విడిచినను ఆ కొనయందు సంకేతము టక్కున రాదు. తడవుగా వచ్చును, మెల్లగా పెరుగును, మెల్లగా తరుగును. రెండు సంకేతములు వెంటవెంట పంపినచో అవి రెండును కలసిపోయి ఏది యేదో తెలియకుండును. మైకేల్ ఫారడే ఈ వింతను పరీక్షించి 1854లో లోకమునకు తెలిపెను. తీగెలోని రాగికిని, వెలుపలి ఉప్పునీటికిని నడుమ గట్టాపర్చా అను చెట్టుపాల పొర యుండుటచేత, తంతి యంతయు విద్యుత్తును దాచుకొను పాత్రవలె పనిచేయుచున్నదని ఆయన గ్రహించెను.

మన పల్లెలలో ఎండిన కాలువకు నీరు వదలుట చూచినవారికి ఇది సులభముగా బోధపడును. తూము ఎత్తగనే చివరి పొలమునకు నీరు అందదు. మొదట వచ్చిన నీటిని గట్లును, నేలయు త్రాగివేయును. కొంతసేపటికి చివరి రైతునకు సన్నని ధార కనబడి, క్రమముగా హెచ్చును. తూము మూసినను ఆ ధార వెంటనే ఆగదు. తూమును గబగబ ఎత్తి దించినచో ఎన్నిసార్లు ఎత్తిరో చివరి రైతు చెప్పజాలడు. సముద్ర తంతిలో విద్యుత్తు నడకయు ఇట్టిదే.

1854లో ఆచార్య స్టోక్సు ఈ విషయమై జాబు వ్రాయగా థామ్సన్ లెక్కకు పూనుకొనెను. కడ్డీలో వేడి వ్యాపించుటకు ఫూరియే వ్రాసిన సమీకరణమే తంతిలో విద్యుత్తు వ్యాపించుటకును సరిపోవుచున్నదని కనుగొనెను. దాని ఫలితమును 1855లో ప్రకటించెను. తంతి పొడవు రెండింతలైనచో ఆలస్యము నాలుగింతలగును, మూడింతలైనచో తొమ్మిదింతలగును. దీనికే వర్గ నియమమని పేరు. ఇంకొక విషయమును ఆ లెక్కలోనే కలదు. ఎంత బలముగా విద్యుత్తును త్రోసినను చివరకు వచ్చు ధార పెద్దదగును గాని, అది హెచ్చి తగ్గు కాలము మారదు. ఆలస్యమును తగ్గించు మార్గములు రెండే: రాగి తీగెను లావుగా చేయుట, గట్టాపర్చా పొరను మందముగా వేయుట.

ఈ మాట చాలమందికి రుచింపలేదు. అమెరికా వ్యాపారి సైరస్ ఫీల్డు పూనికచే అట్లాంటిక్ సముద్రము క్రింద రెండువేల మైళ్ళ తంతి వేయుటకు అప్పుడే ఒక కంపెనీ ఏర్పడెను. ఆ కంపెనీ విద్యుత్ శాఖాధికారి వైల్డుమన్ వైట్‌హౌస్. వృత్తిచే ఆయన శస్త్రవైద్యుడు. విద్యుత్ ప్రయోగములలో పట్టుదల గలవాడు. వర్గ నియమము తన ప్రయోగములకు సరిపోలేదని 1856లో ఆయన పండితసభలో ఖండించెను. ఆ నియమమే నిజమైనచో అట్లాంటిక్ తంతి వ్యర్థమని పలువురు భయపడిరి. థామ్సన్ పత్రికా ముఖమున బదులు వ్రాసెను. తంతి అసాధ్యమని ఆయన చెప్పలేదు. దారి గుణమెరిగి దారిని నిర్మింపుడనియే చెప్పెను. ఆ సంవత్సరమే ఆయన కంపెనీ డైరెక్టరులలో ఒకడుగా ఎన్నికయ్యెను. కాని అప్పటికే సన్నని తీగెతో తంతి చేయుటకు కంపెనీ ఒప్పందములు చేసికొనియుండెను.

తన మాట సాగకపోయినను థామ్సన్ అలిగి తొలగిపోలేదు. వేరువేరు కర్మాగారముల రాగి విద్యుత్తును వేరువేరు విధముల ప్రసరింపజేయుచున్నదని పరీక్షించి కనిపెట్టి, మంచి రాగినే వాడవలెనని పట్టుపట్టెను. చివరి కొనయందు వచ్చు అతిసన్నని ధారనైనను గుర్తింపగల సాధనమొకటి కల్పించెను. అదియే దర్పణ గాల్వనోమీటరు. పట్టుదారమునకు చిన్న అద్దమును వ్రేలాడదీసి, దాని వెనుక సన్నని అయస్కాంతపు తునకలను అతికించెను. అద్దమును అయస్కాంతమును కలసి కొద్ది వడ్లగింజల తూకమునకు మించవు. తీగెచుట్టలో అణుమాత్రము విద్యుత్తు వచ్చినను అద్దము కదలును. దానిపై పడిన దీపకాంతి దూరమునగల కొలబద్దపై కుడికో ఎడమకో జరుగును. కుడి యెడమల జరుగుడును బట్టి అక్షరములు చదువవచ్చును. పంపువాడు బలము హెచ్చించుటకు మారుగా వినువాడు చెవి సూక్ష్మము చేసికొనవలెనన్నది థామ్సన్ మతము.

1857లో మొదటి యాత్ర. మూడువందల మైళ్ళకు పైగా వేసిన పిమ్మట తంతి తెగి అడుగునకు పోయెను. 1858 జూన్ మాసమున రెండవ యాత్ర. తంతి చుట్టలను మోయుచున్న అగమెమ్నాన్ అను యుద్ధనౌక ఘోరమైన తుపానులో చిక్కి మునిగిపోవునట్లుండెను. జీతము గైకొనక ఆ నౌకలో పనిచేసిన వారిలో థామ్సన్ ఒకడు. ఆ మాసమున వేసిన తంతి మూడుమార్లు తెగెను. జూలై 29వ తేదీన నడిసముద్రమున మరల రెండు నౌకల తంతులను అతికి, ఒకటి తూర్పునకు, ఒకటి పడమరకు సాగినవి. ఆగష్టు 5వ తేదీన ఒక కొన ఐర్లండు తీరమందలి వాలెన్షియా ద్వీపమునకును, రెండవ కొన న్యూఫౌండ్లండుకును చేరెను. రెండు ఖండముల నడుమ వార్త నడచెను.

ఆ నడక ఎట్టిదో వినుడు. ఆగష్టు 16వ తేదీన విక్టోరియా రాణి అమెరికా అధ్యక్షునకు పంపిన సందేశమున సుమారు నూరు మాటలు. అవి చేరుటకు దాదాపు పదునారు గంటలు పట్టెను. అనగా ఒక మాటకు పది నిమిషములు. అయినను దాని ప్రయోజనము మన దేశమునకు సంబంధించిన ఒక సంగతివలన తెలియును. 1857లో ఆరంభమైన భారత తిరుగుబాటును అణచుటకై కెనడానుండి రెండు సైనికదళములను ఇంగ్లండు పిలిపించెను. తిరుగుబాటు అణగుచున్నందున వారు రానక్కరలేదని ఆగష్టు చివర ఈ తంతిమీదనే ఆజ్ఞ పోయెను. దానిచే సుమారు 50,000 పౌండ్లు ఆదాయైనవని చెప్పుదురు. పాలకులకు తంతి యెందులకు ప్రియమైనదో ఇందువలన మనము గ్రహింపవచ్చును.

ఇంతలో అనర్థము జరిగెను. వైట్‌హౌస్ తన పెద్ద తీగెచుట్టలతో సుమారు రెండువేల వోల్టుల తీవ్రతగల విద్యుత్తును తంతిలోనికి త్రోయించెను. వార్త మెల్లగా పోవుచున్నది కనుక బలము హెచ్చించినచో వేగము హెచ్చునని ఆయన భావము. వేగము హెచ్చలేదు. గట్టాపర్చాలో బలహీనమైన చోట్ల విద్యుత్తు చీల్చుకొని సముద్రములో కలసెను. కంపెనీ వైట్‌హౌస్‌ను తొలగించి థామ్సనును నియమించెను. ఆయన చిన్న బ్యాటరీలతోను, తన దర్పణముతోను ఆ తంతిని కొన్నాళ్ళు బ్రతికించెను. సెప్టెంబరు మొదటివారములో దాని మాట ఆగిపోయెను. మూడు నాలుగు వారముల ఆయుస్సు! తప్పంతయు వైట్‌హౌస్‌దే యనుట న్యాయము కాదు. తంతిని తొందరలో తయారుచేసిరి. ఎండలో వానలో నిలువయుంచిరి. రోగియైన తంతికి ఆయన వేసిన దెబ్బ చివరి దెబ్బయయ్యెను.

అటుపిమ్మట ప్రభుత్వమును కంపెనీయు కలసి విచారణసంఘము వేసి, 1861లో నివేదికను ప్రకటించిరి. తంతులను ఎట్లు చేయవలెనో, ఎట్లు కొలువవలెనో అందు నిర్ణయమయ్యెను. ఈ నడుమ 1860లో థామ్సన్ మంచుమీద జారిపడి తొడ యెముక విరుగగా, జీవితాంతము కుంటుచునే నడచెను. భార్య మార్గరెట్ 1852లో వివాహమైన కొలది కాలమునకే రోగపీడితురాలయ్యెను. 1870లో మరణించువరకు ఆమె సేవ ఆయన మానలేదు. సముద్రమున తంతి లేనందున 1865 ఏప్రిల్ 15వ తేదీన అధ్యక్షుడు లింకన్ హతుడై మరణించిన వార్త లండనుకు 26వ తేదీన గాని చేరలేదు.

ఆ యేడే గ్రేట్ ఈస్టర్న్ అను మహానౌక క్రొత్త తంతితో బయలుదేరెను. ఈసారి మైలొకటికి రాగి బరువు దాదాపు మూడింతలు. థామ్సన్ తొమ్మిదేండ్లుగా చెప్పుచున్న మాట చివరకు చెల్లెను. సుమారు పండ్రెండువందల మైళ్ళు వేసిన పిమ్మట ఆ తంతియు తెగెను. ఎవ్వరును నిరాశపడలేదు. 1866 జూలై 27వ తేదీన మరియొక తంతి న్యూఫౌండ్లండు తీరమును చేరెను. అదే సంవత్సరమున తెగిన తంతిని రెండుమైళ్ళకు పైబడిన లోతునుండి కొక్కెములతో పైకెత్తి దానిని కూడ పూర్తిచేసిరి. నిమిషమునకు సుమారు ఎనిమిది మాటలు నడచెను. పదునారు గంటల సందేశము పావుగంటలో పోవు స్థితి వచ్చెను. థామ్సనుకు ఆ సంవత్సరమే సర్ బిరుదము లభించెను.

1867లో ఆయన సన్నని గాజుగొట్టమునుండి సిరా చిమ్మి, వచ్చిన సంకేతములను కాగితముమీద వ్రాయు సైఫన్ రికార్డరును కల్పించెను. 1870లో సముద్ర తంతి ఏడెన్ మీదుగా బొంబాయికి వచ్చెను. 1871 నాటికి మదరాసునుండి పెనాంగునకు, సింగపూరుకు తంతి సాగెను. తమిళనాట స్థిరపడిన మన పూర్వుల కాలముననే ఈ తీరము లోకముతో ముడివడెను. తరతరములు ఇండ్లలో శుభాశుభములు తెలిపిన ఆ టెలిగ్రాములు మన దేశమున 2013లో నిలిచిపోయినవి.

థామ్సన్ సముద్రమును మరువలేదు. స్వంతముగా ఒక పడవను కొని, సన్నని ఉక్కుతీగెతో సముద్రపు లోతు కొలుచు యంత్రమును, ఇనుప ఓడలలో పొరపడని దిక్సూచిని కల్పించెను. 1874లో ఫ్రాన్సిస్ బ్లాండీని వివాహమాడెను. సంతానము లేదు. 1892లో ప్రభుపదవి లభించగా, విశ్వవిద్యాలయము ప్రక్కన ప్రవహించు కెల్విన్ అను చిన్న యేటి పేరు ధరించెను.

మహనీయులకును పొరపాట్లు గలవు. భూమి చల్లారుటను లెక్కించి దాని వయస్సు రెండు నుండి నాలుగు కోట్ల సంవత్సరములని ఆయన చివరివరకు వాదించెను. నేడు అది సుమారు 450 కోట్ల సంవత్సరములని తేలినది. తంతి విషయమున దారి గుణమును సంపూర్ణముగా ఎరిగినవాడే భూగర్భ విషయమున తెలియని దారిపై ధైర్యముగా లెక్క వేసెను.

1896లో ఆయన ఆచార్యత్వమునకు ఏబది యేండ్లు నిండగా గ్లాస్గోలో మహోత్సవము జరిగెను. ఆనాడు ఒక అభినందన సందేశమును గ్లాస్గోనుండి పంపగా, అది అట్లాంటిక్ దాటి న్యూయార్కు, చికాగో, శాన్‌ఫ్రాన్సిస్కో, న్యూఆర్లియన్సు, వాషింగ్టను నగరములు తిరిగి మరల గ్లాస్గోకు ఏడున్నర నిమిషములలో చేరెను. అంతటి సన్మానసభలో ఆయన తన యేబది యేండ్ల శాస్త్రకృషిని ఒక్క మాటలో చెప్పవలసినచో అది ఓటమియే యనెను. విద్యుత్తు స్వరూపమేమో తన మొదటి దినమున ఎంత తెలియునో నాడును అంతియే తెలియునని ఆయన భావము. 1899లో పదవి విరమించి, అదే విశ్వవిద్యాలయమున పరిశోధక విద్యార్థిగా పేరు వ్రాయించుకొనెను! 1907 డిసెంబరు 17వ తేదీన కన్నుమూసెను. లండనులోని వెస్ట్‌మినిస్టర్ ఆలయమున న్యూటను సమాధికి చేరువన ఆయనను ఖననము చేసిరి.

ఆయన పాఠము నేటి కంప్యూటర్ల నెట్‌వర్కునకు ఎట్లు అన్వయించునో చెప్పి ముగింతుము. 1988 మొదలుగా అట్లాంటిక్ క్రింద గాజుతంతులు పడినవి. వానిలో కాంతి సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోవును; వర్గ నియమపు బాధ నేడు లేదు. కాని ఆలస్యము పూర్తిగా పోలేదు. ఆరువేల కిలోమీటర్లకు కాంతికే సెకనులో నూరింట మూడు వంతులు పట్టును. ఇది దూరము వలని ఆలస్యము. రెండవది నిరీక్షణ వలని ఆలస్యము. నేడు సందేశమును ప్యాకెట్లను చిన్న తునకలుగా కోసి పంపుదురు. దారిలోని ప్రతి కూడలియందును అవి వరుసలో నిలువవలెను. వరుస నిండిపోయినచో క్రొత్తగా వచ్చిన ప్యాకెట్లను కూడలియంత్రము పారవేయును. ఇదియే ప్యాకెట్ల నష్టము. ఫోనులో మాట తెగుటకు ఇదియొక కారణము.

పోయిన ప్యాకెట్లను పంపినవాడు తొందరపడి మరల మరల పంపినచో ఏమగును? 1986 అక్టోబరులో అమెరికాలోని బర్క్లీ వద్ద ఇది కనబడెను. అర కిలోమీటరు దూరమైనను లేని రెండు విద్యాసంస్థల నడుమ సెకనుకు 32,000 బిట్లు నడచిన దారి 40 బిట్లకు దిగజారెను. తీగె తెగలేదు, యంత్రము చెడలేదు. అందరును ఒక్కసారిగా త్రోయుటచే వెల్లువయై దారి మూసుకొనెను. వాన్ జాకబ్సన్ అను శాస్త్రజ్ఞుడు 1988లో చికిత్సను ప్రకటించెను. కొద్దిగా పంపుట, అందినదని జవాబు వచ్చినకొలది హెచ్చించుట, నష్టము కనబడగనే తగ్గించుట. నేటికిని ఇంటర్నెట్టు ఈ నిగ్రహముతోనే నిలిచియున్నది. దురుద్దేశముతో వెల్లువ పంపి ఒక సంస్థ ద్వారమును మూయించువారును నేడు లేకపోలేదు. వారు వాడుకొనునది ఈ బలహీనతయే.

వైట్‌హౌస్ విద్యుత్తు వేరు, బర్క్లీ ప్యాకెట్లు వేరు. కాని రెండు చోట్లను చేసిన తప్పు ఒక్కటే. ఆలస్యమునకు కారణము అడుగకముందే బలము ప్రయోగించుట. థామ్సన్ ముందు కారణము నడిగెను, పిదప కొలిచెను, ఆ పిదప దారిని బాగుచేసెను; తన మాట చెల్లుటకు తొమ్మిదేండ్లు కాచుకొనెను. ఈసారి ఇంటిలో ఫోను మాట తెగినప్పుడు మీటను పదిమార్లు నొక్కకుండ ఒక్క నిమిషము ఆగి, మన మాట ఎన్ని కూడళ్ళలో వరుస నిలిచియున్నదో మా విద్యార్థులు తమ తల్లిదండ్రులకు వివరింతురని ఆశించుచున్నాము.